ఎన్నిచోట్ల చూశారండీ?

ఆకాశంలోంచి ఒక చుక్కను తీసేశారు. కిందటి జాబితాలో ఉంది, కొత్త జాబితాలో లేదు. ఎందుకు తీశారో ఒక్క ముక్క రాయలేదు. అసలు తీశామని కూడా రాయలేదు. దాన్ని కనిపెట్టిన మనిషి పోయి ఏడాది తిరగలేదు, అప్పుడే తుడిచేశారు. ఇది అన్యాయం. ముందు ఈ మాట చెప్పేసి తర్వాత మిగతాది చెబుతాను. చుట్టూ తిప్పి మాట్లాడడం నాకు చేతకాదు.

ఆ చుక్క మీకూ నాకూ కనిపించేది కాదు. దుర్భిణీ పెట్టినా కనిపించదు. ఎక్కడో చచ్చిన నక్షత్రాల శవాల దగ్గర, ఇంకెక్కడో మహా దూరాన నల్లటి సుడిగుండాల దగ్గర విపరీతమైన శక్తితో గామా కిరణాలు పుడతాయట. అవి ఆకాశంలో ఏయే చోట్ల నుంచి వస్తున్నాయో వెతికి, మొత్తం ఆకాశానికి పటం గీసే పని ఒకటుంది. కొత్తగూడలో మా అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉండే ఒకాయన బతుకంతా చేసిన పని అదే. అందరూ ఆయన్ని గామా సారు అనేవారు. నేను ఏడో తరగతిలో బడి మానేసి, బస్సు కండక్టరుగా రిటైరైనవాణ్ణి. ఆ తర్వాత చదివిందంతా డిపో పక్క గ్రంథాలయంలో. కాబట్టి ఇక్కడ సైన్సు తప్పులుంటే అవి నావి. కోపం మాత్రం సరైనదే.

ఆయన పోయింది కిందటి ఎండాకాలం చివర్లో. "గామా సారు నక్షత్రాల్లో కలిసిపోయారు" అని మా అసోసియేషన్ సెక్రటరీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద వరసగా దండాలు. ఆ దండాల మధ్యలోనే ఎవరో మూడో అంతస్తులో నీళ్ళు రావడం లేదని రాశారు. సారు అది చదివి ఉంటే నీళ్ళ సంగతి వదిలేసి, "ఏ నక్షత్రమండీ? గీత దాటిందా?" అని అడిగి ఉండేవాడు. ఆ గీత సంగతి తర్వాత చెబుతాను. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. మంచి మాట్లాడితే ఆయనే ముందు నమ్మడు. అందుకని ఉన్నదే మాట్లాడతాను.

ఆయన్ని మొదటిసారి సరిగ్గా చూసింది అసోసియేషన్ మీటింగులో. రెండో అంతస్తులో ముగ్గురికి ఒకే నెలలో ఐటీ ఉద్యోగాలు ఊడిపోయాయి. సెక్రటరీ ఒక వాస్తు ఆయన్ని పిలిపించాడు. ఆయన దిక్సూచి పట్టుకుని మిద్దె అంతా తిరిగి, మూలనున్న నీళ్ళ ట్యాంకే ఈ అనర్థానికంతా కారణమని తేల్చాడు. అందరూ తలలూపారు. అప్పుడు వెనక కుర్చీలోంచి ఒక పొట్టి మనిషి లేచాడు. మండే ఎండల్లో మెడకు మఫ్లరు.

"ఎన్నిచోట్ల చూశారండీ?" అన్నాడు.

వాస్తు ఆయనకు అర్థం కాలేదు. "మిద్దె మొత్తం చూసినం సార్."

"అది కాదండీ. రెండో అంతస్తు దొరికే ముందు ఎన్ని అంతస్తులు చూశారు? ఉద్యోగాలు దొరికే ముందు ఎన్ని రకాల కష్టాలు చూశారు? కాలు విరిగినవాళ్ళని లెక్కేశారా? పెళ్ళి తప్పినవాళ్ళని? ఇన్ని ఇళ్ళల్లో ఇన్ని కష్టాలు కలిపి వెతికితే ఎక్కడో ఒకచోట మూడు పోగుపడకుండా ఉంటాయా? అలా ఉంటే అప్పుడు ఆశ్చర్యపోవాలి."

సెక్రటరీకి చిరాకేసింది. "సార్, మీరు సైంటిస్టు. మీకు దేవుడంటే నమ్మకం ఉండదు."

"దేవుణ్ణి నేనేమీ అనలేదండీ. ట్యాంకు గురించి అన్నాను."

ఆ తర్వాత ట్యాంకు జరపాలా వద్దా అని చేతులెత్తమన్నారు. జరపాలని మొదట చెయ్యెత్తింది ఈ మనిషే. నాకు ఒళ్ళు మండింది. మెట్ల దగ్గర ఆపి అడిగాను. "గిదేంది సారూ? అంత లొల్లి పెట్టి మళ్ళ మీరే చెయ్యెత్తిన్రు?"

"ఆ ట్యాంకు నా చాపకి అడ్డంగా ఉందండీ," అన్నాడు.

అదీ ఆయన. ఎక్కడ పుట్టాడో, ఎంత చదివాడో, పెళ్ళాం ఉండేదో లేదో నాకు తెలియదు. అడగలేదు. ఆయనా చెప్పలేదు. కృష్ణా జిల్లా అండీలు మాత్రం నోట్లో నిండుగా ఉండేవి. ఈ అపార్ట్‌మెంట్ నిలబడ్డ చోట ఒకప్పుడు మా జొన్న చేను ఉండేదని నేను చెబితే, "ఏ మూలండీ?" అని అడిగి, ఆ మూలకు వెళ్ళి కింద పార్కింగులో నిలబడి, "ఇక్కడా?" అని ఖాయం చేసుకుని వచ్చాడు. ఎంతకి అమ్మారు అని అడగని మనిషిని కొత్తగూడలో నేను చూసింది ఆయన్నొక్కణ్ణే.

ఆయనకు మూతల పిచ్చి. ఎవరింటికి వెళ్ళినా ముందు కళ్ళు వంటింటి వైపు పోయేవి. పచ్చడి జాడీ మూత ఓరగా కనిపిస్తే మాట మధ్యలో లేచి వెళ్ళి బిగించి వచ్చేవాడు. టీ ఇస్తే తాగే ముందు కప్పు మీదికి వంగి, రెండు అరచేతులు కళ్ళకు అటూ ఇటూ అడ్డం పెట్టుకుని లోపలికి చూసేవాడు. మొదట్లో మా ఆవిడ, టీలో ఏదో పడిందేమోనని హడలిపోయింది. తర్వాత విసుక్కుంది. చివరికి ఆయనకు టీ ఇచ్చేటప్పుడు తనే ముందు వంగి చూసి, "ఏం లేదు సారూ, తాగుండ్రి" అనేది.

ఎందుకలా అంటే, ఆయన పని అంతా ట్యాంకులతోనే. ఉత్తరాన ఎక్కడో గాలి కూడా పలచబడే కొండ మీద వరసలు వరసలుగా నీళ్ళ ట్యాంకులు. మన మిద్దెల మీద ఉండేలాంటివే, కాకపోతే లోపల కటిక చీకటి. గామా కిరణం సరాసరి నేలదాకా రాదు. పైన గాలిలోనే బద్దలై, జల్లులా కిందికి రాలుతుంది. ఆ జల్లు నీళ్ళలోంచి దూసుకుపోయేటప్పుడు కనీ కనిపించని నీలం వెలుగు పుడుతుంది. ట్యాంకు అడుగున కూర్చోబెట్టిన గాజు కన్ను దాన్ని పట్టుకుంటుంది. ఏ ట్యాంకు ముందు వెలిగింది, ఏది వెనక వెలిగింది చూసుకుంటే జల్లు ఎటునుంచి వచ్చిందో తెలుస్తుంది. మూత కొంచెం లేచినా బయటి వెలుగు లోపలికి దూరి అంతా నాశనం.

"ఒకసారి ఒక వరస ట్యాంకుల కప్పు గాలికి లేచిందండీ," అని చెప్పాడు. "మాకు తెలియదు. పటంలో ఒక పక్కన భగ్గుమని వెలుగు. కొత్తది దొరికిందని మిఠాయిలు పంచుకున్నాం. పెద్దాయన ఒకరు ఉపన్యాసం కూడా రాసుకున్నారు. తీరా చూస్తే చందమామ."

"చందమామనా?"

"అవునండీ. దాన్ని కొత్తగా కనిపెట్టినవాళ్ళం మేమే."

ఇంత చెబుతాడు గానీ ఆయనకు ఆకాశం తెలియదు. నిజంగానే తెలియదు. ఒకసారి పిల్లల కోసం అసోసియేషన్‌వాళ్ళు చీకటిపడే వేళ మిద్దె మీద ఆకాశ దర్శనం అని పెట్టి, ఈయన్ని ముఖ్య అతిథిగా కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక పాప శుక్రుడు ఏదని అడిగింది. ఆయన పడమటి వైపు వెలుగుతున్నదాన్ని ఒకటి చూపించి, నిండుగా రెండు నిమిషాలు మాట్లాడాడు. ఆ శుక్రుడు మెల్లగా వంపు తిరిగి, రెండు దీపాలు వేసుకుని శంషాబాద్ ఎయిర్‌పోర్టు వైపు దిగిపోయాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆయనకు సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు.

"ఉద్యోగం చేసినన్నాళ్ళూ రాత్రి తొమ్మిదికల్లా పడుకునేవాణ్ణండీ," అన్నాడు నాతో.

"మరి ఆకాశం ఎవరు చూసిన్రు?"

"ట్యాంకులు చూశాయి. వాటికి పగలైనా ఒకటే, రాత్రైనా ఒకటే, మబ్బు పట్టినా ఒకటే. వాటిని తిప్పక్కర్లేదు, గురిపెట్టక్కర్లేదు. వెల్లకిలా పడుకుంటాయి. భూమి తిరుగుతుంది కదా, ఆకాశమే వాటి మీదుగా నడిచిపోతుంది. మనం ఒక్కటే నేర్చుకోవాలి, కదలకుండా పడుకోవడం."

అది ఆయన బాగా నేర్చుకున్నాడు.

ఒక రోజు మిట్టమధ్యాహ్నం మా వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టాడు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చినవాడు, నన్ను కాకా అంటాడు. "కాకా, జర రా. గామా సారు ఎండల చాప ఏస్కొని పండుకున్నడు. ఉన్నడో పోయిండో సమజైతలేదు."

ఇద్దరం మిద్దె ఎక్కాం. నల్ల ట్యాంకుల మధ్య, వాస్తు పుణ్యమా అని ఖాళీ అయిన చోట, చాప మీద వెల్లకిలా ఉన్నాడు. మొహం మీద గొడుగు, మెడకు మఫ్లరు.

"సారూ!" అన్నాను.

గొడుగు మడిచి, దాని మొనతో ఆకాశం వైపు చూపించాడు. ఫ్లైఓవర్ ఉన్న దిక్కుకు కొంచెం ఒరిగి, ఒట్టి తెల్లటి ఎండ. "అదిగో, ఇప్పుడే నడినెత్తికి వచ్చిందండీ."

"ఏమొచ్చింది?"

"గుడ్డిదీపం."

వాచ్‌మన్ నా చెయ్యి పట్టుకుని ఒక అడుగు వెనక్కి లాగాడు. "దవాఖానకు ఫోన్ కొడుదమా కాకా?"

ఆ సాయంత్రమే నన్ను ఇంట్లోకి పిలిచి గోడ మీద పటం చూపించాడు. క్యాలెండరు మేకుకి తగిలించి ఉంది. ఆకాశమంతా కోడిగుడ్డు ఆకారంలో, నీలంగా, అక్కడక్కడా పసుపు పచ్చ మరకలతో. పెద్ద మరకలన్నీ ఒక పట్టీ వెంబడి ఉన్నాయి. అది పాలపుంత అట. ఆ పట్టీకి దూరంగా, ఒంటరిగా, ఉందా లేదా అన్నట్టు ఒక చిన్న మరక. అదేనట గుడ్డిదీపం. ఆయన వేలు దాని దాకా వెళ్ళి ఆగింది. అంటుకోలేదు.

"ఇది నాది అనకూడదండీ," అన్నాడు. "ఆకాశం ఎవరిదీ కాదు. జాబితాలో దీనికి పేరు కూడా లేదు, అంకెలే." మేకు మీద పటాన్ని సరిచేశాడు. "కానీ నాదే."

ఆ మాట ఆ నోట్లోంచి వచ్చినందుకు నేను బిత్తరపోయాను. ఎందుకంటే ఏ సంగతైనా నాది, నేను అనే రకం కాదు ఆయన. మిగతా మరకల గురించి అడిగితే, ఇది ఫలానావాళ్ళది, ఇది ఫలానా పిల్ల కష్టం అని వాళ్ళ గొప్పలు చెప్పేవాడు. దీని దగ్గరికి వచ్చేసరికి పొదుపుగా మాట్లాడేవాడు, ఇంట్లో మందమతి పిల్లాడి గురించి మాట్లాడే తండ్రిలాగా.

అప్పుడే గీత సంగతి చెప్పాడు. ట్యాంకుల మీద ఎప్పుడూ ఏదో ఒక జల్లు పడుతూనే ఉంటుంది. అందులో చాలావరకు గామా కిరణాలు కావు. అవి దారిలో ఎన్నో వంకర్లు తిరిగి, ఎక్కడ బయల్దేరాయో మరిచిపోయి వచ్చిన అణువుల ముక్కలు. పంపినవాడి చిరునామా చిరిగిపోయిన ఉత్తరాలన్నమాట. గామా కిరణం ఒక్కటే పుట్టినచోటు నుంచి తిన్నగా వస్తుంది. ఈ చెత్తంతా పడే చోట, ఊరికే అనుకోకుండా కూడా ఎక్కడో నాలుగు ఎక్కువ పోగుపడతాయి. అందుకని ఒక గీత గీసుకుంటారు. అంతకన్నా ఎక్కువ పోగుపడితేనే నిజంగా అక్కడేదో ఉన్నట్టు, లేకపోతే గాలివాటం. ఎంత ఎక్కువ చోట్ల వెతికితే గీతను అంత పైకి జరపాలి. ఎందుకంటే ఎక్కువ చోట్ల వెతికినవాడికి ఉత్తుత్తి మరకలు ఎక్కువ దొరుకుతాయి. "గీతకి వెంట్రుకవాసి కింద ఉన్నా లేనట్టేనండీ. ఏడ్చినా లేనట్టే."

"మరి గీ గుడ్డిదీపం దాటిందా?"

"దాటబట్టే కదండీ జాబితాలో ఉంది," అన్నాడు. అని లేచి, నా చేతిలోని కప్పు తీసుకుపోయాడు. అందులో ఇంకా సగం టీ ఉంది.

ఈ గీతా, ఎన్నిచోట్లా అన్న ప్రశ్నా ఆయన కొండ మీద వదిలేసి రాలేదు. మా మీద రుద్దాడు. మా కోడలు హైటెక్ సిటీ అవతల ఒక అద్దాల బిల్డింగులో టెస్టింగ్ పని చేస్తుంది. వాళ్ళ మేనేజరు ఏదో కనిపెట్టాడట. వాళ్ళ యాప్‌లో బటన్ నారింజ రంగులో ఉంటే, మంగళవారాలు ఆడవాళ్ళు ఎక్కువగా కొంటున్నారని. ఆఫీసులో కేకు కోశారు. కోడలు సంబరంగా చెబుతుంటే ఈయన జాడీ మూత బిగిస్తూ, "ఎన్ని రంగులు చూశారమ్మా? ఎన్ని వారాలు? మగవాళ్ళని, పిల్లల్ని, ముసలివాళ్ళని చూశారా?" అన్నాడు. ఈ పిచ్చిపిల్ల మర్నాడు మీటింగులో అదే అడిగింది. మేనేజరు మొహం మాడ్చుకుని ఆమెను వేరే పనిలో పడేశాడు. కొన్నాళ్ళకు ఆ నారింజ బటన్ చప్పుడు లేకుండా మాయమైంది. కేకు ఎవరూ వెనక్కి ఇవ్వలేదు.

నన్నూ వదల్లేదు. నేను కండక్టరుగా ఉన్నప్పుడు మొహం చూసి టికెట్ లేనివాణ్ణి పట్టేసేవాణ్ణి. బోరబండ స్టేజీలో గళ్ళ చొక్కా వేసుకుని ఎక్కేవాడి దగ్గర టికెట్ ఉండదు, ఇది నా సర్వీసు మొత్తం మీద తేల్చుకున్న సత్యం. అది గొప్పగా చెప్పాను.

"గళ్ళ చొక్కా దొరికే ముందు ఎన్ని రకాల చొక్కాలు చూశారండీ?"

"అంటే?"

"చారల చొక్కాలవాళ్ళని ఎంతమందిని అడిగారు?"

"వాళ్ళనెందుకు అడుగుత సారూ? వాళ్ళు మంచోళ్ళు."

ఆయన మఫ్లరు సర్దుకున్నాడు. ఆ సర్దుకోవడం చూసి నేను వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు ఆయనే తలుపు కొట్టి, "కండక్టరు గారూ, నడినెత్తికి వచ్చే టైమైంది, పదండి" అన్నాడు. వెళ్ళాను. చారల చొక్కాలను నేను లెక్కపెట్టని మాట నిజమే. కానీ గళ్ళ చొక్కావాళ్ళు దొంగలే. ఇప్పటికీ అంటాను.

అలా మాకు మిద్దె అలవాటైంది. ఆ గుడ్డిదీపం ఏ రోజుకారోజు నిన్నటికన్నా నాలుగు నిమిషాలు ముందు నెత్తి మీదికి వస్తుంది. చలికాలంలో సాయంత్రం టీ వేళకు వచ్చేది, ఎండలు ముదిరేసరికి పాలవాడి వేళకు జరిగిపోయేది. వానాకాలమంతా రాత్రిళ్ళు వస్తుంది కాబట్టి సారు పట్టించుకోడు. నిద్ర పాడుచేసుకుని చూడాల్సినంత అందగత్తె కాదనేవాడు. నేను ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళేవాణ్ణి. ఆయన చాప మీద, నేను ప్లాస్టిక్ కుర్చీలో. ఏమీ కనిపించని చోటు వైపు ఇద్దరం చూసేవాళ్ళం. చుట్టూ క్రేన్లు, కింద హారన్ల మోత. "వచ్చిందా సారూ?" అని నేను అడగాలి. "వచ్చిందండీ" అని ఆయన గొడుగు ఎత్తాలి. అప్పుడు టీ పోయాలి. ఇది పద్ధతి.

చివరి ఏడాది ఎండాకాలం ముంగిట ఈ పద్ధతి కొంచెం చెడింది. "వచ్చిందా సారూ?" అంటే, "వచ్చే ఉంటుంది లెండి, టీ పొయ్యండి" అనేవాడు. గొడుగు ఎత్తేవాడు కాదు. వయసు మీదపడి చెయ్యి నొస్తుందేమో అనుకున్నాను. ఒకరోజు ఉన్నట్టుండి, "మీరు ఇన్నాళ్ళూ ఇక్కడికి దేనికొస్తున్నారండీ?" అని అడిగాడు.

"గుడ్డిదీపం కోసం. మరి దేనికి?"

ఆయన కప్పు మీదికి వంగి, చేతులు అడ్డం పెట్టుకుని, చాలాసేపు టీలోకి చూశాడు.

ఆ ఎండలు తగ్గకముందే పోయాడు. ఎవరో అన్న కొడుకట, వచ్చి రెండు రోజుల్లో ఫ్లాటు ఖాళీ చేశాడు. సామాన్లు మోసే కుర్రాళ్ళు పటాన్ని చుట్టి చెత్త డబ్బాలో కుక్కారు. వాచ్‌మన్ చూసి తెచ్చి నాకిచ్చాడు. "పడేస్తిరి కాకా. గుడ్డిదీపం గిండ్లనే ఉన్నది గద?" అన్నాడు. అప్పుడు నాకు తట్టింది. ఆ మనిషి గుర్తుగా ఈ భూమ్మీద ఏమీ మిగల్లేదు. ఇల్లు లేదు, బోర్డు లేదు, ఫొటో కూడా లేదు. మిగిలిందల్లా ఆకాశంలో, పేరు లేని ఆ ఒక్క మరకే. సరే, అదైనా ఎవరూ ఎత్తుకుపోలేని చోట ఉందిలే అనుకున్నాను.

వానాకాలం మొదట్లో మా కోడలు లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. "మామయ్యా, సారు వాళ్ళ కొత్త పటం వచ్చింది. చూస్తరా?"

పాత పటం నేల మీద పరిచాను. పక్కన లాప్‌టాప్. కొత్త పటంలో మరకలు బాగా పెరిగాయి. పాలపుంత పట్టీ పండగ రోజు వీధిలా ఉంది. దానికి దూరంగా, మన చోట, ఒట్టి నీలం.

"జర పెద్దగ చెయ్ బిడ్డా."

పెద్దది చేసింది. నీలం ఇంకా పెద్దదైంది.

"జాబితల చూడు. అంకెలు చెప్త."

చూసింది. లేదు. పైకీ కిందికీ జరిపి మళ్ళీ చూసింది. "మా ఆఫీసుల గిట్లనే చేస్తరు మామయ్యా. బగ్గు మళ్ళ కనపడకపోతే టికెట్టు మూసేస్తరు. ఎవ్వరికి చెప్పరు."

"ఇది బగ్గు గాదు బిడ్డా. మనిషి జీవితం."

ఆ రోజే మొదటి ఉత్తరం రాశాను. నేను మరిచిపోయే రకం కాదు. నా సర్వీసులో డిపో మేనేజరు ఎగ్గొట్టిన ఒక సెలవు రోజు నాకింకా గుర్తే. నా ఉత్తరాలు భరించలేక కొత్తగూడ సందులో వీధి దీపం వేశారు. ఆకాశంలో దీపం ఎందుకు వెయ్యరు? నేను తెలుగులో రాస్తాను, కోడలు ఇంగ్లీషు చేసి మెయిల్ పంపుతుంది. ఆ పిల్లతోనే పెద్ద పరేషాన్. "నేను 'చనిపోయినోని సొమ్ము కాజేసిన దొంగలారా' అని రాస్తే, నువ్వు 'గౌరవనీయులైన బృందానికి' అని రాసినవేంది?"

"దొంగలంటే జవాబియ్యరు మామయ్యా."

గౌరవనీయులన్నా ఇవ్వలేదు. మీ ఆసక్తికి ధన్యవాదాలు అని మిషను పంపే జవాబు వచ్చింది. తరువాతి దానికీ అదే. ఇంకోసారి, బడిపిల్లలు ఎవరైనా ట్యాంకులు చూడాలనుకుంటే ముందుగా తెలియజేయాలని వచ్చింది. నేను రాస్తూనే పోయాను. ఆయన మఫ్లరు గురించి రాశాను. చందమామను మళ్ళీ కనిపెట్టిన సంగతి మీ పెద్దలను అడగండి అని బెదిరించాను. గీత గీతని ఊరందరినీ చంపుకుతిన్న మనిషి గీత దాటనిదాన్ని జాబితాలో పెడతాడా అని నిలదీశాను. ఒక ఉత్తరంలో తిట్లేమీ తోచక, ఈ రోజు అది టీ వేళకు నెత్తి మీదికి వచ్చింది, నేను ఒక్కణ్ణే వెళ్ళాను అని మాత్రం రాశాను. ఎన్ని రాశానో నేను లెక్కపెట్టలేదు. కోడలు మాత్రం, "ఇగ సాలు మామయ్యా, మనల్ని బ్లాక్ చేస్తరు" అనేది, అంటూనే పంపేది.

ఇదంతా ఇక్కడిదాకా రాసి పెట్టుకున్నాక, మొన్న జవాబు వచ్చింది. ఆ బృందంలో ఒక తెలుగామె ఉందట, సారు దగ్గర పని నేర్చుకున్నదట. తెలుగులోనే రాసింది. కోడలు చదివి, ఫోన్ నా చేతిలో పెట్టి వంటింట్లోకి పోయింది. ఆమె రాసింది రాసినట్టు ఇక్కడ దింపుతున్నాను:

"కండక్టర్ గారికి నమస్కారం. మీ పేరు నాకు తెలిసినా, సార్ మిమ్మల్ని అలాగే పిలిచేవారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను. ఆ చుక్కను మేము తీయలేదండీ. సారే తీయించారు. పోయే ముందటి చలికాలంలో నాకు ఫోన్ చేశారు. 'గుడ్డిదీపాన్ని జాబితాలోకి ఎక్కించేటప్పుడు ఆ చోటును ఒక్కసారే చూసినట్టు లెక్క వేశానమ్మా. నిజానికి ఇష్టం కొద్దీ మళ్ళీ మళ్ళీ చూశాను. ఒకసారి ఇలా వడపోసి, ఒకసారి అలా వడపోసి, బాగా వెలిగినదాన్ని ఉంచుకున్నాను. ఎన్నిసార్లు చూశావని నన్నెవరూ అడగలేదు. అందరినీ అడిగేవాణ్ణి నేనే కదా, నన్నెవరు అడుగుతారు?' అన్నారు. ఆయన చెప్పినట్టే మళ్ళీ లెక్క వేశాం. గీత కిందికి పడిపోయింది. ఆ తర్వాత వచ్చిన కిరణాలు కూడా కలిపితే ఇంకా కిందికి పోయింది. అక్కడ ఏమీ లేదండీ. ఆ మాట చెబితే 'హమ్మయ్య' అన్నారు. మరి ఇంకా మిద్దె ఎందుకెక్కుతున్నారు సార్ అని అడిగాను. 'కండక్టరు గారికి చెప్పలేదమ్మా. ఆయన ఫ్లాస్కు పట్టుకుని వస్తారు' అన్నారు. మీరు మాకు రాస్తారని కూడా ఆయన ముందే చెప్పారు. 'ఒక్క ఉత్తరానికి జవాబివ్వకు. ఒకటైతే వట్టి కోపం, ఎవరికైనా వస్తుంది. మళ్ళీ మళ్ళీ అదే చోటు నుంచి వస్తూ ఉంటే మాత్రం అక్కడ నిజంగా ఏదో ఉన్నట్టు. గీత దాటాక రాయి' అన్నారు. మీరు లెక్కపెట్టి ఉండరు, నేను పెట్టాను. నిన్న వచ్చినదానితో మీ ఉత్తరాలు గీత దాటాయండీ."